ముందు ఆ ట్యూబు చూపించమ్మా

ముఖం నల్లబడిందని వచ్చినవాళ్లతో నేను మొదట అనే మాట ఒకటే: "ఇంట్లో ముఖానికి, తలకు రాసుకునేవన్నీ సంచిలో వేసుకుని తీసుకురామ్మా." హైదరాబాద్ ఫలక్‌నుమాలో చర్మవైద్యానికి మంచి పరీక్ష అదే. ఇంజన్‌బౌలి నుంచో జంగమ్మెట్ నుంచో వచ్చిన ఆవిడ ఆ సంచిని బల్ల మీద బోర్లిస్తే సగం జబ్బు అక్కడే బయటపడుతుంది. పేరు చెరిగిపోయిన ఫెయిర్‌నెస్ క్రీము డబ్బా, జుట్టు నల్లబరిచే కాలీ మెహందీ పొట్లం, చివరిదాకా పిండేసిన సన్నటి ట్యూబు.

"ఇది ఎవరిచ్చారమ్మా?"

"మందుల షాపాయన, డాక్టర్ సాబ్. మా అక్క పెళ్లికి ముందు ఇదే రాసింది. వారంలో తెల్లబడింది."

ఆ ట్యూబులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ ఉంటాయి. అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ అనే చర్మవైద్యులు 1975లో ప్రకటించిన కలయిక ఇది. మంగుకు బాగా పనిచేస్తుంది, నేనూ రాసిస్తాను. కానీ రాత్రిపూట మాత్రమే, కొన్ని వారాలే, నా కళ్లముందే. నెలల తరబడి పులిమితే చర్మం పలచబడుతుంది. బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు తేలతాయి, గడ్డం కింద నూగు మొలుస్తుంది, మానేస్తే ముఖం భగ్గుమంటుంది. హైడ్రోక్వినోన్ ఏళ్లకేళ్లు రాస్తే, నలుపు పోవాలని రాసిన మందే నీలి నలుపు తెస్తుంది. 2018లో కేంద్రం 14 స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదంది. షాపుల్లో అడిగితే ఇప్పటికీ ఇస్తున్నారు. ఇది నాకు కోపం తెప్పిస్తుంది.

అసలు నలుపంతా మంగు కాదు. రెండు చెంపల మీద, నుదుట, పైపెదవి మీద గోధుమరంగులో సమానంగా పరుచుకుంటే మంగు. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ, వంశం దాన్ని పెంచుతాయి. చెవుల ముందు నుంచి మెడ దాకా బూడిదరంగు పాకితే లైకెన్ ప్లేనస్ పిగ్మెంటోసస్ అనే జబ్బు అయి ఉండొచ్చు. అప్పుడు, కారణం అదేనేమోనని, నా చూపు కాలీ మెహందీ పొట్లం మీదికి పోతుంది. బొట్టు పెట్టుకునే చోటే నల్లబడితే కుంకుమ మార్చమంటాను. కణతలు, మెడ మందంగా మఖమల్‌లా నల్లబడితే షుగర్ పరీక్ష రాస్తాను. మన చామనఛాయకు అతినీలలోహిత కాంతితో చూసే వుడ్స్ ల్యాంపు అన్నిసార్లూ సరైన జవాబు ఇవ్వదు. చర్మాన్ని పెద్దగా చేసి చూపే డెర్మోస్కోపు నయం. అందులో మంగు గోధుమరంగు వలలా కనిపిస్తుంది, వెంట్రుక కుదుళ్ల చుట్టూ ఖాళీ వదిలి.

వైద్యం నెమ్మదిగా సాగుతుంది. కంటికి కనిపించే వెలుతురు కూడా మంగును పెంచుతుంది, అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ రాసిస్తాను. వేడీ శత్రువే. పాతబస్తీ ఇళ్లలో బొగ్గుల కుంపటి మీదికి వంగి లక్కగాజులు చేసే ఆడవాళ్లకు "ఎండలోకి వెళ్లకండి" అంటే ఏం లాభం? కుంపటి కాస్త దూరం జరపమని, మధ్యమధ్య లేచి ముఖం చల్లబరుచుకోమని చెప్పాలి. ట్రానెక్సామిక్ ఆసిడ్ మాత్రలు కొందరికి మేలు చేస్తాయి, కానీ రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు. లేజర్‌ను చివరికే ఉంచుతాను. తొందరపడితే మచ్చ ఇంకా ముదురుతుంది.

మీ ఇంట్లో ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్ పేరు ఉంటే, డాక్టర్ చెప్పకుండా ముఖానికి రాయకండి. ఇప్పటికే నెలలుగా రాస్తుంటే సొంతంగా ఆపేయకుండా, ఆ ట్యూబుతో సహా చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఉస్మానియా ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగం ఉంది.