రుద్రమ్మ కత్తి, మల్లమ్మ దణ్ణం

వడ్లమూడిలో ఒక ప్రాథమిక పాఠశాల. నాలుగో తరగతికి పాటల పీరియడ్. హార్మోనియం లేదు, శ్రుతిపెట్టె లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం కళలు నేర్పడానికి పార్ట్‌టైమ్ బోధకులను ఆరు నుంచి ఎనిమిది తరగతులకే, అదీ పిల్లలు వందమంది దాటితేనే ఇవ్వమంది. కింది తరగతుల్లో పాటైనా లెక్కలైనా ఒక్క టీచరుగారే. ఆవిడ చేయించేది అభినయగేయం. క్లాసంతా పాడుతుంటే కొందరు ముందుకొచ్చి మాటమాటకీ చేతులతో అర్థం చూపించాలి. ఆ రోజు పాట శంకరంబాడి సుందరాచారి రాసిన 'మా తెలుగు తల్లికి'.

వెనక బెంచీలో కూర్చుని చూశాను. ఈ పాటని చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు పాడానో లెక్కలేదు. ఇప్పటికీ ఎవరైనా ఎత్తుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అది మనిషి ఒంటిమీద ఎలా కనిపిస్తుందో ఎన్నడూ ఆలోచించలేదు.

రుద్రమ్మగా వచ్చిన పిల్ల స్కేలు దూసింది. తిమ్మరుసు కణతకి వేలు ఆనించాడు. కృష్ణరాయలు నడుంమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు, కీర్తికి ఇంకేం చెయ్యాలో వాడికి తోచలేదు. మల్లమ్మ దణ్ణం పెట్టబోయి ఆగి, "ఎవరికి పెట్టాలి టీచర్?" అంది. పాటలో ఆవిడ భర్తకి పేరు లేదు. టీచరుగారు ఒక్క క్షణం తడబడి పక్కనున్న పిల్లాణ్ణి చూపించారు. వాడు తిమ్మరుసు.

నలుగురు చారిత్రక వ్యక్తులు, నాలుగు గుణాలు. మగవాళ్ళిద్దరికీ బుద్ధి, కీర్తి. ఆడవాళ్ళిద్దరిలో ఒకరికి భుజబలం, ఒకరికి భర్తమీద భక్తి. కవి పంపకం లెక్కవేసి చేశాడని నేననను. లెక్కవేయకుండానే అలా పడటమే నన్ను ఆపింది.

రుద్రమది కత్తి ఒక్కటేనా? పదమూడో శతాబ్దంలో దాదాపు మూడు దశాబ్దాలు రాజ్యం నడిపింది. బాపట్ల తీరాన మోటుపల్లి ఉంది. ఆ రేవు పేరుతోనే ఈ రాజ్యాన్ని ప్రస్తావించిన మార్కో పోలో, దాన్నేలిన రాణి న్యాయదృష్టిని, శాంతికాముకతని మెచ్చుకున్నాడు. ఆవిడ రుద్రమేనని చరిత్రకారులు గుర్తిస్తారు. ఆయనా ఆవిణ్ణి చనిపోయిన రాజు భార్య అనే అనుకున్నాడు. తండ్రి గణపతిదేవుడి నుంచి వచ్చిన సింహాసనాన్ని మొగుడి ఆస్తి చేశాడన్నమాట! అయినా ఆమె పాలనని చూశాడు. మన పాట ఆ పాలనని వదిలేసి భుజాన్ని ఉంచుకుంది.

మల్లమ్మ ఎవరని అడిగితే టీచరుగారు బొబ్బిలి రాణి అన్నారు. చాలామంది అలాగే చెప్పుకుంటారు. 1757లో ఆ కోట పడిపోతున్నప్పుడు లోపలున్న మగవాళ్ళే తమ స్త్రీలనీ పిల్లలనీ చంపేశారని ఆ కాలపు రచనలు చెబుతున్నాయి. ఆ చావులన్నీ భక్తి అనే ఒక్కమాట కింద సర్దుకున్నాయి. తొమ్మిదేళ్ళ పిల్లలకి ఆ కథ చెప్పలేం, నిజమే. చెప్పలేని కథకి దణ్ణం మాత్రం నేర్పుతున్నాం.

పాటలో నాదం త్యాగరాజు కంఠానిది, కవిత్వం తిక్కన కలానిది. కానీ ఈ పాటని తెలుగువాళ్ళ ఇళ్ళకి చేర్చిన గొంతు టంగుటూరి సూర్యకుమారిది. తల్లికి దండ వేసే పాటలో పాడిన ఆడగొంతుకి చోటులేదు. క్లాసులో మాత్రం ఆడపిల్లల గొంతులే పైకి వినిపిస్తున్నాయి.

టీచరుగారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. ఏ శిక్షణా లేకుండా, పీరియడ్ వదిలెయ్యకుండా, ఊరికే వల్లె వేయించకుండా పిల్లల్ని కదిలిస్తున్నారు. ఆ కదలికలో ఏది చేరుతోందన్నదే నా ప్రశ్న. మాట మర్చిపోయినా, చేతులు జోడించిన అలవాటు ఒంట్లో ఉండిపోతుంది.

బెల్లు కొట్టడానికి ఇంకా టైముంది. "ఈసారి ఎవరికి ఏ వేషం కావాలో వాళ్ళే అడగండి" అన్నారావిడ. స్కేలు పట్టుకున్న పిల్ల తిమ్మరుసు అంది. ఇంకో ఇద్దరాడపిల్లలు కృష్ణరాయలకి పోటీపడ్డారు. మగపిల్లలు కాసేపు నవ్వి, రుద్రమ్మ కత్తికోసం చేతులెత్తారు.

"మరి మల్లమ్మ?" అన్నారు టీచరుగారు.

ఎవరూ లేవలేదు.