ముఖలింగం ఆలయాలు: ఒక పుస్తకాన్ని గుడి ముందు నిలబడి చదవడం

డిగ్రీ తరువాత పురావస్తుశాస్త్రం, కళాచరిత్ర ఎం.ఎ. స్థాయిలో చదవాలనుకునే విద్యార్థులు సాధారణంగా అడిగే ప్రశ్న, ఏయే పుస్తకాలు చదవాలి అని. ఈ వ్యాసంలో ఒకే ఒక పుస్తకాన్ని తీసుకుని, దానిని ఎట్లా చదవాలో పరిశీలిద్దాం. అది డగ్లస్ బారెట్ ఇంగ్లీషులో రాసిన ‘ముఖలింగం టెంపుల్స్’. 1960లో బొంబాయిలో అచ్చయింది. చిన్న పుస్తకం. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు దాని విషయం. ఈ ఆలయాల గురించి తరువాత రాసినవారు చాలామంది ఈ పుస్తకాన్ని ఏదో ఒక రూపంలో ఆధారం చేసుకున్నారు. కనుక దాని బలమూ, పరిమితీ రెండూ మన పాఠ్యపుస్తకాలలోకి దిగాయి.

ఈ పుస్తకాన్నే ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. నేను ఉద్యోగంలో ఉన్న చివరి రోజులలో ఒక మౌఖిక పరీక్షకు సుమ్మాదేవి నుంచి ఒక విద్యార్థిని వచ్చింది. ప్రాజెక్టు నివేదిక ముఖలింగం మీద. నలభై పేజీల నివేదికలో భువనేశ్వరంలోని పరశురామేశ్వర, ముక్తేశ్వర ఆలయాల వర్ణన పదిహేను పేజీలు ఉంది. “అమ్మా, ముఖలింగం ఎన్నిసార్లు వెళ్ళావు?” అని అడిగాను. “చిన్నప్పుడు శివరాత్రికి మా నాయనమ్మతో ఒకసారి వెళ్ళానండి” అంది. సుమ్మాదేవి నుంచి పలాస, టెక్కలి మీదుగా వెళ్ళి, చూసుకుని, సాయంత్రానికి ఇంటికి రాగలిగిన దూరమది. తప్పు ఆ అమ్మాయిది అనను. ఆమె చదివిన పుస్తకాలన్నీ ముఖలింగాన్ని భువనేశ్వరం నుంచే చూశాయి. ఆమె కూడా అక్కడి నుంచే చూసింది.

బారెట్ బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసినవాడు. శిల్పాన్ని చూడడం తెలిసినవాడు. కథలు, స్థలపురాణాలు పక్కనపెట్టి గోడనూ, ద్వారబంధాన్నీ, గూటిలోని విగ్రహాన్నీ చూడమంటాడు. ఇది ఎం.ఎ. స్థాయిలో మొదట అలవడవలసిన గుణం. మూడు ఆలయాలనూ ఒకే ముద్దగా ‘గంగుల కాలం’ అనకుండా, వాటి మధ్య కాలభేదాన్ని శిల్పరీతిని బట్టి వేరుచేసే ప్రయత్నం చేశాడు. ఈ పని అతనికి ముందు ఇంత శ్రద్ధగా జరగలేదు.

చిక్కు అంతా పోలికతోనే. శైలిని బట్టి కాలం నిర్ణయించాలంటే తేదీ కొంత తెలిసిన కట్టడాల వరుస ఒకటి ముందుగా ఉండాలి. ఈ ప్రాంతానికి ఆ వరుస భువనేశ్వరమే. కృష్ణచంద్ర పాణిగ్రాహి 1961లో వెలువరించిన గ్రంథం దానిని స్థిరపరచింది. అందులో వాడిన సూచికలలో ఒకటి చూడండి: భువనేశ్వరంలోని తొలి ఆలయాల ద్వారాలపై ఎనిమిది గ్రహాలే ఉంటాయి, కేతువు ఉండడు, తరువాతి వాటిలో తొమ్మిదీ ఉంటాయి. చక్కని ఆధారమే. అయితే భువనేశ్వరంలో ఈ మార్పు వచ్చిన కాలంలోనే ముఖలింగంలోనూ వచ్చిందని మనకు ఎవరు చెప్పారు? రెండుచోట్లా ఒకే శిల్పి కుటుంబాలు పనిచేశాయని గాని, ఒకే రాజ్యం ఉండేదని గాని రుజువైతే తప్ప ఆ తేదీని ఇక్కడికి మోసుకురావడం ఊహే అవుతుంది.

ఒకే రాజ్యం మాత్రం లేదు. భువనేశ్వర ప్రాంతాన్ని శైలోద్భవులు, భౌమకరులు, సోమవంశీయులు వరుసగా ఏలుతున్న కాలమంతా ఇక్కడ కళింగనగరం రాజధానిగా తూర్పు గంగులు ఉన్నారు. ఉత్కళం గంగుల చేతికి వచ్చింది అనంతవర్మ చోడగంగుని కాలంలో, 12వ శతాబ్ది తొలి దశకాలలో. మధుకేశ్వరాలయం అప్పటికే పాతది. అటువంటి ఆలయాన్ని ‘ఒరిస్సా శైలికి దక్షిణపు శాఖ’ అనడంలో నేటి రాష్ట్రపు సరిహద్దును వెయ్యేళ్ళ వెనక్కి జరిపిన తప్పు ఉంది. అలాగని మూలం ఇక్కడే, అక్కడివారు మననుంచి నేర్చుకున్నారు అని రాసే ఉత్సాహవంతులు కూడా ఉన్నారు. వారి దగ్గరా రుజువు లేదు. రేఖా శిఖరం రెండుచోట్లా ఉంది, పోలిక నిజం. అది ఏ దారిన, ఎటునుంచి ఎటు నడిచింది అన్నది ఇంకా తేలవలసిన ప్రశ్న.

ఇక శాసనాల సంగతి. ఇక్కడే మన విద్యార్థులు ఎక్కువగా జారిపడతారు. ముఖలింగంలో శాసనాలు సమృద్ధిగా ఉన్నాయి. చాలావరకు అఖండదీపాలకు చేసిన దానాలు. ఎక్కువ భాగం 11, 12 శతాబ్దాలవి. చోడగంగుని పేరు కనబడగానే ‘చోడగంగుడు కట్టించెను’ అని రాసేస్తారు. దీపానికి దానమిచ్చే నాటికి గుడి నిలబడి ఉంది అని మాత్రమే ఆ శాసనం చెబుతుంది. ఎన్నాళ్ళ ముందు కట్టారో చెప్పదు. తేదీకి అది పై హద్దు, అంతే.

మరొక ఆధారం చోడగంగుని విశాఖపట్నం తామ్రశాసనం, శక సంవత్సరం 1040 నాటిది, అనగా క్రీ.శ. 1118. ఫ్లీట్ ప్రకటించాడు. రెండవ కామార్ణవుడు నగరమనే పురంలో ఈశ్వరునికి ఉన్నతమైన ఆలయం కట్టించాడనీ, లింగం మధూక వృక్షంలో, అంటే ఇప్పచెట్టులో పుట్టింది గనుక మధుకేశుడని పేరుపెట్టాడనీ అందులో ఉంది. వినడానికి హాయిగా ఉంటుంది. కాని ఇది కామార్ణవునికి ఎన్నో తరాల తరువాత, ఒక గొప్ప రాజు తన వంశాన్ని వర్ణింపజేసుకున్న ప్రశస్తి. పేర్లు, పాలనా సంవత్సరాలు అంత పొందికగా వరుసలో కూర్చున్నప్పుడు కొంచెం అనుమానించాలి. గంగుల తొలి శాసనాలలో వారి శకం ప్రకారం, అనగా క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైన గాంగశకం ప్రకారం, సంవత్సరాలు ఉంటాయి. ఈ వంశావళిని వాటి పక్కన పెట్టి చూడాలి. శైలిని నమ్మినవారు శాసనాన్ని, శాసనాన్ని నమ్మినవారు శైలిని తమకు అనుకూలమైనంత మేరకే వాడుకున్నారు. మధుకేశ్వరానికి పండితులిచ్చిన తేదీలు 8వ శతాబ్దం నుంచి 10వ శతాబ్దం వరకు పరచుకోవడానికి కారణం ఇదే.

కళింగనగరం ముఖలింగమేనని వాదించినవారు గిడుగు రామమూర్తి. 1863లో ఇక్కడికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో ఉపాధ్యాయునిగా పనిచేస్తూ, తనంతట తానే ప్రాచీన లిపులు నేర్చుకుని ఈ గుడి శాసనాలు చదివారు. ఫ్లీట్ కళింగపట్నం వైపు మొగ్గితే, రామమూర్తిగారు శాసనాలు దొరికిన నేలనే సాక్ష్యంగా నిలబెట్టారు. ఎక్కువమంది చివరకు ఆయన మాటే అంగీకరించారు. దూరవిద్యలో చదివేవారికి ఈ మనిషి కథ నేను తప్పక చెబుతాను. ఆయన దగ్గర పెద్ద గ్రంథాలయం లేదు, గుడి మాత్రం అందుబాటులో ఉంది. వాడుక తెలుగులో చదువు చెప్పాలని పోరాడింది కూడా ఆయనే. అయినా ఈ గుడి భాగాలను తెలుగులో వర్ణించడానికి మనకు ఈనాటికీ స్థిరపడిన మాటలు లేవు. పభాగ, జంఘ, గండి అన్న ఒడియా మాటలు వాడితే మన విద్యార్థికి అర్థం కావు. అధిష్ఠానం, విమానం అన్న ద్రావిడ రీతి మాటలు ఈ కట్టడానికి సరిగా అమరవు. నా సలహా: పరిభాషకు ఒడియా మాటే తీసుకోండి, దాని పక్కనే అది ఏ భాగమో మామూలు తెలుగులో ఒక వాక్యం రాయండి.

బారెట్ పుస్తకం తరువాత ఆర్. సుబ్రహ్మణ్యం శాలిహుండం తవ్వకాల నివేదిక (1964) చదవండి. వంశధార దిగువన ఉన్న ఆ బౌద్ధక్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది కూడా రామమూర్తిగారే. నివేదిక చదవడానికి విసుగు పుట్టిస్తుంది, కుండపెంకుల వివరాలతో నిండి ఉంటుంది. కాని ఏ వస్తువు ఏ పొరలో దొరికిందన్న స్పృహ దానివల్లనే వస్తుంది. బారెట్‌కు లోపించినది అది. ముఖలింగంలో గోడ మాట్లాడుతుంది, నేల ఇంకా మాట్లాడవలసి ఉంది.

సుమ్మాదేవి విద్యార్థిని రెండు నెలల గడువు అడిగింది, ఇచ్చాము. తిరిగి తెచ్చిన నివేదిక ఇరవై రెండు పేజీలే. మండపం లేకుండా ఒంటరిగా నిలిచిన సోమేశ్వరాలయాన్ని గోడ తరువాత గోడగా, టేపుతో కొలిచి, చేతితో గీసిన పటాలతో వర్ణించింది. సున్నం పొర కింద శిల్పం వివరం తెలియనిచోట ‘ఇక్కడ కనబడలేదు’ అని రాసింది. నిర్మాణకాలం అన్న శీర్షిక కింద రెండు వాదాలు, వాటి ఆధారాలు ఇచ్చి, తేదీ వేయకుండా వదిలింది. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఆ ఖాళీని చూపించి మార్కులు తగ్గించబోయాడు. ఆయనతో నేను చాలాసేపు వాదించవలసి వచ్చింది.