నెఫెష్ – జీవాత్మ – ప్రాణి: ఆదికాండంలో ఒక అనువాద సమస్య

అనువాదంలో ఒక్క పదం ఎంపిక కొన్ని సందర్భాల్లో మూలంలో లేని తాత్త్విక వ్యవస్థనే లక్ష్యభాషలోకి తీసుకువస్తుంది. తెలుగు సంఘాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్న బైబిలు సొసైటీ అనువాదంలోని ఆదికాండం 2:7 ఇందుకు ఉదాహరణ. నేలమన్నుతో రూపొందిన నరుడు దైవశ్వాస సోకి ఏమయ్యాడో చెప్పేచోట హీబ్రూ మూలంలోని పదబంధం ‘నెఫెష్ హయ్యా’. తెలుగులో అది ‘జీవాత్మ’ అయింది. ఈ పదం తెలుగు పాఠకునికి కొత్తది కాదు. జీవాత్మ పరమాత్మల సంబంధాన్ని శతాబ్దాలుగా చర్చించిన వేదాంత సంప్రదాయం దాని వెనుక ఉంది. దేహం నశించేది, ఆత్మ నిత్యమైనది అనే భావన ఆ పదం వెంటే వస్తుంది. మూలం ఆ మాట చెబుతున్నదా అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఇదే ‘నెఫెష్ హయ్యా’ ఆదికాండం 1:20, 1:24, 2:19లలో జలచరాలకు, పశువులకు, మృగాలకు, పక్షులకు వాడబడింది. ఆ చోట్ల తెలుగు అనువాదం జీవం గలవి అనే అర్థంతో సరిపెట్టుకున్నది. అంటే మూలంలో ఒకటే అయిన మాట తెలుగులో జంతువుకు ఒకటిగా, మనిషికి మరొకటిగా చీలింది. 1611 నాటి జేమ్స్ రాజు ఆంగ్లానువాదంలోనూ ఈ చీలిక కనిపిస్తుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందరి గ్రీకు అనువాదమైన సెప్టువజింట్ మాత్రం రెండుచోట్లా ‘ప్సుకే’ అనే ఒకే పదాన్ని వాడింది. కాబట్టి దోషాన్ని గ్రీకు భాషకు అంటగట్టడం సరికాదు. ఆ గ్రీకు పదాన్ని ప్లేటో తత్త్వపు వెలుగులో చదివిన తరువాతి పాశ్చాత్య సంప్రదాయమే ఈ భేదానికి బలం చేకూర్చింది.

నెఫెష్ అర్థవిస్తృతిని గమనిస్తే సమస్య మరింత స్పష్టమవుతుంది. యెషయా 5:14లో పాతాళం ఆశతో తెరచిన గొంతు నెఫెష్. లేవీయకాండం 17:11లో రక్తంలో ఉండే ప్రాణం నెఫెష్. సంఖ్యాకాండం 6:6లో శవానికి సైతం ఆ పదమే వర్తించింది. శవాన్ని కూడా సూచించగల మాటను దేహాన్ని విడిచిపోయే ఆత్మగా నిర్వచించడం కష్టం. హన్స్ వాల్టర్ వోల్ఫ్ 1973లో వెలువరించిన పాతనిబంధన మానవస్వరూప అధ్యయనం నెఫెష్‌ను అవసరాలు గల, ఆకలిదప్పులు గల మనిషిగా వివరించింది. ఈ దృష్టిలో మనిషికి నెఫెష్ ఉండటం కాదు, మనిషే నెఫెష్.

అయితే ‘హీబ్రూ మనస్సు’, ‘గ్రీకు మనస్సు’ అని రెండు పెట్టెలు కట్టడం ప్రమాదకరం. థోర్లీఫ్ బోమన్ 1952లో చేసిన అటువంటి విభజనను జేమ్స్ బార్ 1961లో తీవ్రంగా విమర్శించాడు. ఒక జాతి ఆలోచనా విధానాన్ని పదాల వ్యుత్పత్తి నుంచి పిండలేమని, అర్థం వాక్యంలో నిర్ణయమవుతుందని ఆయన వాదం. యూదు సాహిత్యమూ ఏకరూపం కాదు. గ్రీకులో రచితమైన సొలొమోను జ్ఞానగ్రంథం (9:15) దేహాన్ని ఆత్మకు భారంగానే చూసింది. ఈ హెచ్చరికను అంగీకరించినా ఆదికాండం విషయంలో వాదం నిలుస్తుంది. ఎందుకంటే అది వ్యుత్పత్తిపై కాక, వరుస అధ్యాయాల్లో ఒకే పదబంధం పునరావృతం కావడంపై ఆధారపడింది.

మనిషిని జంతువుతో ఒకే మాటలో చేర్చితే అతని విశిష్టత పోదా అన్న ఆక్షేపణ సహజం. ఆ విశిష్టతను ఆదికాండం 1:27 దైవస్వరూపంలో చూపింది, నెఫెష్‌లో కాదు. నాసికలోని జీవశ్వాస కూడా మనిషికే పరిమితం కాదని జలప్రళయ ఘట్టం (7:22) తెలియజేస్తుంది. ప్రసంగి 3:19 మనుషులకూ మృగాలకూ ఊపిరి ఒకటేనంటుంది.

తెలుగులో ఇందుకు తగిన మాట లేకపోలేదు. ‘ప్రాణి’ అన్న పదం శ్వాసను, జీవాన్ని, దేహాన్ని విడదీయకుండా పలుకుతుంది. ‘నరప్రాణి కనబడలేదు’ అన్న వాడుకలో మనిషికీ అది చెల్లుతుంది. ‘ప్రాణం ఉసూరుమంది’, ‘నా ప్రాణానికి సుఖం లేదు’ అన్న పలుకుబళ్లలో ప్రాణం అంటే అలసే, ఆశపడే మనిషే. వేదాంత పరిభాష కంటే ఈ వాడుక తెలుగే నెఫెష్‌కు దగ్గరగా ఉంది.

ఇది కేవలం నిఘంటు చర్చ కాదు. జీవాత్మగా చదివితే మరణం విముక్తి అవుతుంది. ప్రాణిగా చదివితే మరణం నిజమైన నష్టం అవుతుంది. అప్పుడు దానియేలు 12:2లో ధూళిలో నిద్రించేవారు మేల్కొంటారన్న ఆశ దేహంతో కూడిన ఆశగా అర్థమవుతుంది. తెలుగు క్రైస్తవ సాహిత్యంలో ‘ఆత్మ’ కనిపించిన ప్రతిచోటా దేహాత్మ ద్వైతాన్ని ఊహించే పరిశోధన, ముందుగా ఆ పదం వెనుక ఏ మూలపదం ఉందో తేల్చుకోవలసి ఉంటుంది.