క్రాప్ చేసిన వలిసె

డిసెంబరులో అరకు ఫోటోలు ఎన్ని చూసినా ఒకటే ఫ్రేము. పసుపు పచ్చటి వలిసె పూలు, మధ్యలో చేతులు చాచి నిలబడ్డ ఒక మనిషి, వెనక కొండలు. వంజంగి అయితే పూల బదులు మేఘాలు. వాటితో నాకు పేచీ లేదు. రాత్రి చల్లబడిన లోయలో పేరుకున్న పొగమంచు ఎండెక్కితే విడిపోతుంది, చీకట్లో కొండెక్కినవాళ్లకి అది దక్కాల్సిందే.

పేచీ అంతా వలిసెతోనే. మనం తోట అంటాం గానీ అది చేను. ఆ గింజల్లోంచి నూనె తీస్తారు. పువ్వు గింజ కట్టాలంటే తేనెటీగలు తిరగాలి, మొక్క నిలబడాలి. యాంగిల్ కోసం మనం తొక్కుకుంటూ పోయిన దారి ఫోటోలో ఉండదు, క్రాప్ అయిపోతుంది (ఈ ఇంగ్లీషు మాటకి పంట అనే అర్థం కూడా ఉండటం నా తప్పు కాదు). గట్టు మీద కూర్చుని మనిషికింత అని అడిగే రైతు కూడా అంతే, ఫ్రేములోకి రాడు. ఆ కాస్త డబ్బుకి సణిగినవాళ్లే రిసార్టు బిల్లు నోరెత్తకుండా కట్టడం చూశాను.

వీటన్నిట్లో నాకు మిగిలిన ఫోటో ఒక ఫ్రెండ్ గట్టు మీంచే తీసింది. ఫోకస్ కూడా సరిగ్గా లేదు. సగం పసుపు, సగం నలిగిన మొక్కలు, కొత్తగా పడిన కాలిదారికి అడ్డంగా ముళ్లకంప.