పటంలో మా గల్లీ

యూనివర్సిటీలో మానవ భూగోళశాస్త్రం చదివేవాళ్లకు నగరాల పాఠం అనగానే చికాగో వలయాలు ఎదురవుతాయి. 1925లో బర్జెస్ గీసిన నమూనా అది. వలస వచ్చినవాడు నడిబొడ్డున దిగుతాడట, నాలుగు డబ్బులు కూడాక బయటి వలయానికి పోతాడట. మరి డబ్బు కూడినా 'మీవాళ్లకు ఇల్లివ్వం' అనిపించుకున్నవాడు ఏ వలయానికి పోవాలి?

రెండు సమూహాలు ఎంత విడివిడిగా బతుకుతున్నాయో కొలిచే సూచిక మీద డంకన్ దంపతులు 1955లో రాశారు. సున్నా అంటే సమంగా కలిసి ఉన్నట్టు, ఒకటి అంటే పూర్తిగా విడిపోయినట్టు. లెక్క బాగానే ఉంది. ఆ దూరం ఎవరు పెట్టారో మాత్రం లెక్క చెప్పదు. మేం గుమిగూడితే 'కేంద్రీకరణ', అగ్రకులాలు గుమిగూడితే 'మంచి ఏరియా'! 1990 డిసెంబర్‌ మతకల్లోలాల తర్వాత భయంతో పాతబస్తీ చేరిన కుటుంబానిది ఇష్టమా, గత్యంతరం లేకపోవడమా?

ఈ చదువు వద్దనడం లేదు. జంటనగరాల మీద 1965లోనే పుస్తకం రాసిన ఉస్మానియా ఆచార్యులు మంజూర్ ఆలం మనవారే. 1973లో హార్వే నగరాన్ని సామాజిక న్యాయం ముందు నిలబెట్టాడు. ఆ ప్రశ్న మన గల్లీల దాకా రావాలి. మేం ఎక్కడున్నామో పటంలో చుక్కలు పెడితే చాలదు. తలుపు మూసిందెవరో కూడా గీయండి.