నౌకాశాస్త్రమును నావికవిద్యయును

ప్రాచీనభారతీయుల సముద్రయానమునుగూర్చి యిరువదవ శతాబ్ది ప్రారంభమునుండి వెలువడిన గ్రంథములలో రాధాకుముద ముఖర్జీ 1912వ సంవత్సరమునఁ బ్రకటించిన ‘ఇండియన్ షిప్పింగ్’ మొదట నెన్నఁదగినది. భారతీయులు సముద్రము నెఱుఁగనివారని కొందఱు పలుకుచుండిన కాలమున, నాణెములను, శాసనములను, శిల్పములను, కావ్యములను నొకచోటఁ జేర్చి యాయపవాదమును దొలఁగించిన గౌరవ మాగ్రంథమునకుఁ జెందును. అయినను ఓడ లుండెనని స్థాపించుట యొకటి. ఆయోడలను నడపినవారు తీరము గానరాని నీటిపై నెట్లు త్రోవ తెలిసికొనిరో చెప్పుట వేఱొకటి. మొదటిదానికిఁ జూపిన సాక్ష్యమునే రెండవదానికిని జాలునని తలఁచుటచేఁ గొన్ని భ్రమలు పండితలోకమునఁ బాఁతుకొనినవి. వానిని వేఱుపఱచి చూచుట యావశ్యకము.

మొదటి విషయమున నాంధ్రదేశమునకు సాక్ష్యము కొఱఁతపడదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములపై రెండు తెరచాపకొయ్యల యోడ ముద్రింపఁబడియున్నది. ఘంటసాల ప్రాకృతశాసనములలో శివకుఁడను మహానావికుఁడు పేర్కొనఁబడినాఁడు. క్రీస్తుశకము రెండవ శతాబ్దిలో టాలెమీ, మైసోలియా యని తాను వ్యవహరించిన కృష్ణాతీరప్రాంతమున, సువర్ణభూమికిఁ బోవు నోడలు గట్టు విడిచి బయలుదేఱు స్థానమొకటి కలదని వ్రాసెను. కాకతి గణపతిదేవుఁడు 1244వ సంవత్సరమున మోటుపల్లిలో నెత్తించిన యభయశాసనమున, తుపానుచే నొడ్డునకుఁ గొట్టుకొనివచ్చిన యోడలలోని సరకును బూర్వరాజులు బలాత్కారముగా హరించుచుండిరనియుఁ, దాను సుంకముదక్క మఱేమియుఁ గొననియుఁ జెప్పియున్నాఁడు. శ్రీనాథుఁడు హరవిలాసమున నవచి తిప్పయసెట్టి వర్తకమును వర్ణించుచు, హురుమంజి గుఱ్ఱములను, సింహళపు టేనుఁగులను, కప్పలి, జోంగు మొదలగు నోడల పేళ్లను గ్రంథస్థము చేసెను. కప్పలి, జోంగు లనునవి తూర్పుసముద్రపు రేవులన్నింటఁ జెల్లిన మాటలు. మలయుల కపల్, జోంగ్ శబ్దములే యవి. ఆంధ్రకవి వానిని వ్యాఖ్యాన మక్కఱలేని మాటలుగాఁ బ్రయోగించుటయే సముద్రవ్యాపార మెంత పరిచితమో తెలుపుచున్నది.

కాని యీసాక్ష్యములను నిదానించి పరిశీలించినయెడల నొక లోపము గనఁబడును. శ్రీనాథుని పద్యము సముద్రమును వర్తకుని యంగడినుండి చూచినది. గణపతిదేవుని శాసనము దానిని రేవునుండి చూచినది. నాణె మోడను బ్రక్కనుండి చూచినది. ఓడలో నిలిచి చూచిన వాక్యము వీనిలో లేదు. టాలెమీ మాటలో మాత్రము పద్ధతి ఛాయ గలదు: కొంతదూరము గట్టు వెంబడిని బోయి, యెఱిఁగిన యొకస్థానమునుండి మాత్రమే నడిసముద్రమునకుఁ దిరుగుట. ఇది యోడను నడపినవారినుండి విన్నమాట గాని గ్రంథమునుండి పుట్టినది గాదు.

ఓడలకు శాస్త్రమే కలదుగదా యని యిచట నాక్షేపింపవచ్చును. భోజరాజకృతమని ప్రసిద్ధమై, 1917లోఁ గలకత్తాలో ముద్రితమైన యుక్తికల్పతరువును ముఖర్జీ ప్రధానసాక్షిగా నిలిపెను. అందు నౌకలు సామాన్యములనియు విశేషములనియు రెండు తెగలుగా విభజింపఁబడినవి. విశేషములు మరల దీర్ఘలు, ఉన్నతలు. పొడవు, వెడల్పు, ఎత్తులనుబట్టి వీనికిఁ బేళ్లును శుభాశుభఫలములును జెప్పఁబడినవి. నాలుగు కొయ్యల యోడకుఁ దెలుపు, మూఁటిదానికి నెఱుపు, రెంటిదానికిఁ బసుపు, ఒకదానికి నీలము రంగు విధింపఁబడినది. గదు లమరిన విధమునుబట్టి సర్వమందిర, మధ్యమందిర, అగ్రమందిర లను భేదములు గలవు. ఇవి యన్నియు రాజు నౌకను చేయించుకొనునప్పుడు దెలియవలసిన సంగతులు. రాత్రి నడిసముద్రమున దిక్కు దెలిసికొనుట యెట్లని యడిగినచోఁ బ్రకృతగ్రంథ మూరకుండును. దీనిని నౌకానిర్మాణమునకు, అందును రాజభోగ్యమైన నౌకకు సంబంధించిన గ్రంథ మనవలెనేకాని నావికశాస్త్ర మనరాదు.

ఆగ్రంథమునందే మఱియొక విధి గలదు. సముద్రనౌకకు నినుపబంధములు గూడవనియు, సముద్రములోని యయస్కాంతశిల లాయినుమును లాగుననియు నందుఁ జెప్పఁబడినది. ఈమాట రెండు విధముల విలువగలది. మన తీరములందుఁ బలకలను మేకులతోఁ గాక నారత్రాళ్లతోఁ గుట్టి యోడలు చేయు నాచారము నిజముగా నుండెను. కోరమండల తీరమున నురుగుటలలు దాఁటుటకు వాడిన మసూలా పడవ లట్టివే. కుట్టిన పడవ యలతాఁకిడికి వంగునుగాని పగులదు. ఈయాచారమునకుఁ గారణ మెఱుఁగనివారు అయస్కాంతశిలల కథను గల్పించిరి. టాలెమీనాఁటికే యది వ్యాప్తిలో నుండెను. ఇఁక రెండవది: యుక్తికల్పతరుకర్త కయస్కాంతము తెలియును, కాని దిక్కు చూపు సాధనముగాఁ గాదు, ఓడను ముంచు నపాయముగా మాత్రమే తెలియును. దిక్సూచి భారతీయనావికుల ప్రాచీనసాధన మని వాదించువారు తమ ప్రధానసాక్షియే తమకుఁ బ్రతికూలముగాఁ బలుకుట గమనింపరైరి.

ఈదిక్సూచీవాదమునకు మూలము ‘మత్స్యయంత్ర’ శబ్దము. హిందువులు నూనెలోఁ దేలెడు నినుపచేప నుత్తరదిక్కు దెలిసికొనుటకు వాడిరని రీడ్ అను నౌకానిర్మాణవేత్త వ్రాసిన మాటను ముఖర్జీ గ్రహించెను. దానికిఁ బ్రమాణముగా మోల్స్‌వర్త్ నిఘంటువునందలి ‘మచ్ఛయంత్ర’ శబ్దము చూపఁబడినది. ఆనిఘంటువు పందొమ్మిదవ శతాబ్దిలో మహారాష్ట్రభాష కేర్పడినది. అప్పటి వాడుకమాటకు సంస్కృతరూపము గల్పించి దానిని క్రీస్తుశకారంభమునకుఁ గొనిపోవుట చారిత్రకరీతి గాదు. మన పాఠశాలలలోని బాలుఁడు సయితము మత్స్యయంత్ర మనఁగా ద్రౌపదీస్వయంవరమున నర్జునుఁడు కొట్టిన గుఱి యనియే యెఱుఁగును. శబ్దైక్యము వస్త్వైక్యమును సాధింపఁజాలదు.

అంతమాత్రమున నినుపచేప కేవలకల్పన యనుటయు న్యాయము గాదు. బైలక్ అను నరబ్బీ గ్రంథకర్త 1282లో, హిందూసముద్రమున నోడలు నడపువారు నీటఁ దేలునట్టి బోలు నినుపచేపను వాడుదురనియు, దాని తలయుఁ దోఁకయు దక్షిణోత్తరములఁ జూపుననియు వ్రాసెను. అతఁడు స్వయముగాఁ జూచినది 1242లో సిరియా సముద్రమున నీటిపైఁ దేల్చిన సూది. చేప సంగతి విన్నది. పదునైదవ శతాబ్దిలో నీసముద్రమున సంచరించిన నికొలో కాంటి, యిచటి నావికులకు దిక్సూచి తెలియదనియు, ధ్రువోన్నతినిబట్టి త్రోవ కొలుచుకొందురనియుఁ జెప్పెను. చీనాలో 1119నాఁటి గ్రంథమున, మబ్బుపట్టినపుడు దక్షిణసూచియైన సూదిని జూతురను మాట గలదు. వీని నన్నిఁటిఁ గలిపి చూడఁగాఁ దేలునది యింతియే: పదుమూఁడవ శతాబ్దినాఁటి కీసముద్రమున నినుపచేప యుండెనని వినికిడి గలదు, అంతకుఁ బూర్వము దానికిఁ బ్రమాణము లేదు, ఉన్నప్పుడును నది ముఖ్యసాధనము గాదు. ఓడలు నడచు ఋతువునఁ బవనము స్థిరము, ఆకాశము నిర్మలము. చుక్కలు గానవచ్చుచుండ సూదితో నక్కఱ స్వల్పము. అరబ్బుల దిక్సూచిలోని ముప్పదిరెండు దిక్కులకు నక్షత్రముల యుదయాస్తమయముల పేళ్లే యుండుట దీనికి దృష్టాంతము.

కావున విచారింపవలసినది నక్షత్రవిద్య. సంస్కృతవాఙ్మయమున దీనికి దగ్గఱగా వచ్చిన గ్రంథము ధర్మశాస్త్రము గాదు, శిల్పశాస్త్రము గాదు, ఆర్యశూరుని జాతకమాల. అందలి సుపారగుఁడను నావికుఁడు జ్యోతిర్గతులు దెలిసినవాఁడు గనుక దిక్కు దప్పనివాఁ డనియు, చేపలు, నీటి వన్నె, అడుగునేల, పక్షులు, శిలలు మున్నగు గుఱుతులచే సముద్రభాగముల నెఱుఁగుననియుఁ జెప్పఁబడినది. పాళివాఙ్మయమున గట్టు వెదకుటకై విడిచెడు పక్షి ప్రసక్తి గలదు. ఇవి కవికల్పనలు గావు. సీసపుగుండుతో నడుగుమన్ను పైకిఁ దెచ్చి చూచు పద్ధతి యాధునికకాలమువఱకు నోడలలో నిలిచినదే. బౌద్ధుఁడైన యార్యశూరుఁడు సముద్రయానమును నిందింపక, వర్తకులతోఁ గలసిన సంఘమునకుఁ జెందినవాఁడు గావున నావికుని విద్యకుఁ జెవియొగ్గెను. సముద్రయానము ప్రాయశ్చిత్తమునకుఁ గారణమైన స్మృతికారుల లోకమున నట్టి చెవి యరుదు.

ఆవిద్యకుఁ గల సాధనము మిక్కిలి సామాన్యమైనది. చతురపుఁ బలకయొకటి, దాని నడుమఁ గట్టిన త్రాడొకటి, త్రాటికి ముడులు. అరబ్బులు దీనిని కమాల్ అనిరి. తమిళనావికులు రాప్పలగై యనిరి. రాత్రివేళఁ జూచు పలక యని యామాటకర్థము. ఆంధ్రులకది వివరింప నక్కఱలేదు. ముడిని పండ్లనడుమఁ బట్టి, త్రాడు బిగియునట్లు పలకను ముందునకుఁ జాఁపి, క్రిందియంచు నీటిగీఁతపైనుంచి, మీఁదియంచున ధ్రువనక్షత్రము నానునట్లు చూతురు. ఏముడివద్ద నానినదో దానినిబట్టి ధ్రువోన్నతి, అనఁగా నక్షాంశము, తెలియును. జేమ్స్ ప్రిన్సెప్ 1836లో అరబ్బుల పలకను, కాంగ్రీవ్ 1850లోఁ జెన్నపట్టణపు విద్వత్పత్రికలోఁ గోరమండల నావికుల పలకను వర్ణించిరి. ఈతీరపుఁ బలకయందు ముడులు సంఖ్యలకుఁ గాక రేవులకుఁ జెందినవి. ప్రతిముడియు నొక రేవు. ఎదుట రేవు ముడి సరిపడువఱకు నుత్తరముగానో దక్షిణముగానో పోయి, పిదప గట్టువైపునకుఁ దిరిగినఁ జాలును.

దీని యౌచిత్యము దేశస్థితిచే బోధపడును. తూర్పుపడమర లెంతదూరమో పలక చెప్పఁజాలదు. ఆచిక్కు పదునెనిమిదవ శతాబ్దిలో హారిసన్ గడియారము వచ్చువఱకుఁ బాశ్చాత్యులకును దీఱలేదు. కాని కోరమండల తీర ముత్తరదక్షిణములుగాఁ బఱచుకొనియున్నది. నాగపట్టణము దాదాపు 10 డిగ్రీల 46 కళల యక్షాంశమున, మచిలీపట్టణము 16 డిగ్రీల 10 కళల యక్షాంశమున నున్నవి. ఇట్టి తీరమున నక్షాంశ మెఱిఁగిన రేవు నెఱిఁగినట్లే. అరబ్బులు ధ్రువోన్నతి నంగుళములతోఁ గొలిచిరి. వృత్తమునకు 224 అంగుళములు గావున నొక్కొక్కటి 1 డిగ్రీ 36 కళలకు సరి. ఈరెండు రేవులకు నడుమ మూఁడంగుళములపైఁ జిల్లర మాత్రమే. చేయి చాఁచి వ్రేళ్లు నడ్డముగాఁ బట్టి చూచినవాని కీకొలఁత యెట్లు పుట్టెనో తెలియకపోదు.

ఇట్టి సామాన్యసాధనము వెనుక నున్న జ్ఞానము మాత్రము సామాన్యమైనది గాదు. ధ్రువుఁడు కదలనివాఁ డని పౌరాణికులు, కదలునని నావికులు. 1500వ సంవత్సరప్రాంతమున ధ్రువనక్షత్రము నిజధ్రువస్థానమునకు మూఁడున్నర డిగ్రీలంత యెడమున నుండెను. దాని యున్నతిని నట్లే గ్రహించినచో నోడ రెండువందల మైళ్లవఱకుఁ దప్పుత్రోవఁ బోవును. అందుచేత నేనక్షత్రము శిరోరేఖకు వచ్చినప్పు డెంత కలుపవలెనో, యెంత తీసివేయవలెనో నావికులు కంఠస్థము చేసిరి. ఈసవరణను అరబ్బులు బాషీ యనిరి. ఇబ్న్ మాజిద్ రచించిన నావికగ్రంథమును, 1554లో సీదీ అలీ అహమ్మదాబాదులో వ్రాసిన ముహీతును దీనికి నిధులు. మొదటిదానికి టిబెట్స్ చేసిన యాంగ్లానువాదము 1971లో వెలువడినది. ఈసముద్రపు నావికవిద్యను జర్చింపఁబూనువా రాగ్రంథములను జూడక యుక్తికల్పతరువుతోఁ దృప్తిపడుట పాఠమును విడిచి ముఖపత్రమును జదువుటవంటిది.

శబ్దములును నీమాటనే చెప్పుచున్నవి. సంస్కృతమున ‘నవగతి’ యనుదానినుండి యింగ్లీషు ‘నావిగేషన్’ పుట్టెనని యుపన్యాసవేదికలపై వినవచ్చుచుండును. అది సత్యము గాదు. లాటిను ‘నావిస్’ శబ్దమునకును సంస్కృత ‘నౌ’ శబ్దమునకును సోదరత్వమేకాని జన్యజనకభావము లేదు. ‘చుక్కాని’ యనుమాటకు మన ‘చుక్క’ను మూలముగాఁ జెప్ప నుత్సహించువారు అరబ్బీ ‘సుక్కాన్’ శబ్దమును మఱవరాదు. తమిళుల ‘మాలుమి’ అరబ్బీ ‘ముఅల్లిమ్’, అనఁగా నుపాధ్యాయుఁడు. ఓడ నడపువాని నుపాధ్యాయుఁడని పిలిచినవారు ఆవిద్య కెట్టి స్థానమిచ్చిరో యీయొక్కమాట చాటుచున్నది. ఒడ్డునఁ బుస్తకములు వ్రాసినవారు వాని కాస్థాన మీయలేదు. కనుకనే వాని విద్య పుస్తకముల కెక్కలేదు.

ఇప్పు డోడలకుఁ గృత్రిమోపగ్రహములు స్థానము దెలుపుచున్నవి. ముడులత్రాడు చూపుశాలలకుఁ జేరినది. కాని సముద్రపు నీటి వన్నెలకు, గాలులకు, చుక్కలకు, అడుగుమన్నునకు మన తీరపు జాలరు లిడిన పేళ్లు నిఘంటువుల కెక్కవలసినవి యెన్నియో గలవు. మత్స్యయంత్రమును గుఱించిన వాదమునకుఁ జెల్లిన కాలములోఁ గొంత యాపదముల సేకరణమునకుఁ జెల్లియున్నచో విద్యాలోకమునకు లాభము గలిగియుండెడిది. పూర్వులకు లేని యుపకరణమును గల్పించి వారిని గౌరవింపఁబూనుట, వారికిఁ గల యుపకరణమును మఱచి యవమానించుటయే యగును. ఒక పలక, ఒక త్రాడు, తరతరముల కంఠపాఠము: వీనితో సువర్ణభూమికిఁ బోయి మరలివచ్చినవారి ప్రతిభకు మఱియొక యలంకార మక్కఱలేదు.