వేన్నీళ్ల ఊరి కచేరీ దారి

సంగీతం వినేదే గాని నడిచి చూసేదేముంటుందని ఎవరైనా అంటే చాలా ఊళ్ల విషయంలో సరేననొచ్చు. ఇంగ్లండ్‌లోని బాత్ విషయంలో మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో జనం అక్కడికి వచ్చింది వేడినీటి ఊటల కోసం, ఆ వంకన కాలక్షేపం కోసం. సంగీతం అక్కడ దినచర్యలో ఒక అంశం. పంప్ రూమ్‌లో వైద్యం పేరిట ఊటనీళ్లు తాగుతుంటే పక్కన వాద్యబృందం వాయించేది. సాయంత్రం ఆరింటికి మొదలైన నృత్యం రాత్రి పదకొండింటికల్లా ఆగాల్సిందే. ఇంకొక్క నృత్యమని రాకుమారి అమీలియా అడిగినా, ఊరి వేడుకల పెత్తందారు బో నాష్ కుదరదన్నాడట. ఇలా వేళకీ చోటుకీ కట్టుబడిన సంగీతాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ చోట్లు ఒకదానికొకటి ఎంత దూరమో తెలియాలి. పంప్ రూమ్ నుంచి మిల్సమ్ వీధి పట్టుకుంటే ఆక్టగన్ చాపెల్ వస్తుంది. 1767లో తెరిచిన ఈ ప్రైవేటు ప్రార్థనాలయంలో సీట్లకు అద్దె. డబ్బున్నవాళ్లు చలి కాచుకోవడానికి గోడల్లో పొయ్యిలు కూడా ఉండేవి (భక్తికీ సౌకర్యాలు కావాలి మరి). అక్కడ ఆర్గన్ వాయించే ఉద్యోగం జర్మనీ నుంచి వచ్చిన విలియం హెర్షెల్‌ది. ఇంకాస్త పైకెళ్తే 1771లో తెరిచిన అసెంబ్లీ రూమ్స్, అక్కడి కచేరీలు నడిపింది థామస్ లిన్లే. ఒకే వాద్యకారుడు ఒకే రోజు రెండు మూడు చోట్ల సంపాదించుకోగలిగేంత దగ్గర ఇవన్నీ. రికార్డు పెట్టుకుని ఇంట్లో వింటే స్వరాలు ఇంతకన్నా బాగా వినిపిస్తాయి, నిజమే. కానీ ఆ స్వరాలకు డబ్బిచ్చిందెవరో, ఎలాంటి గదిలో ఎవరి కబుర్ల మధ్య వాయించారో రికార్డులో ఉండదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది: ఇలాంటి నడకలు గోడ మీది ఫలకాల వెంట సాగుతాయి, ఫలకాలేమో పేరున్నవాళ్లకే పెడతారు, పంప్ రూమ్ ఫిడేలువాళ్లకు ఎవరు పెడతారు? ఇందులో సగం నిజం. అందుకే ఇళ్ల చిరునామాలు పట్టుకుని కాక, పనిచేసిన చోట్లు పట్టుకుని నడవాలంటాను. అప్పుడు న్యూ కింగ్ వీధిలోని 19వ నంబరు ఇల్లు కూడా కొత్తగా కనిపిస్తుంది. 1781 మార్చి 13న ఆ ఆర్గన్ వాద్యకారుడు హెర్షెల్ తన టెలిస్కోపుతో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టింది ఆ ఇంటి తోటలోంచే గనుక అందరూ వెళ్తారు. అయితే ఆయన చెల్లెలు కరొలైన్ 1772లో బాత్‌కు వచ్చింది పాట నేర్చుకోవడానికి. 1778 నాటికి హాండెల్ ‘మెస్సయ్య’లో ప్రధాన గాయని. బర్మింగ్‌హామ్ నుంచి పిలుపొస్తే, అన్న నడిపించని కచేరీలో పాడనని కాదంది. 1782లో రాజు ఏడాదికి 200 పౌండ్ల జీతంతో అన్నను ఆస్థాన ఖగోళజ్ఞుడిగా పెట్టుకున్నాడు. అన్నాచెల్లెళ్లు బాత్ వదిలారు, ఆమె కచేరీలు అంతటితో సరి. ఆ ఇంటి వెనక పనిగదిలో, టెలిస్కోపు కోసం పెద్ద అద్దం పోతపోస్తుండగా కారిన లోహానికి పగిలిన నేలరాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. రాజు జీతం ఇంకా మొదలుకాని రోజులవి. ఆ లోహం ఖర్చు భరించింది ఆర్గన్ కొలువు, పాఠాలు, కచేరీలే.